మూగనోము తోరము

తెలుపు, నలుపు, నారింజ వన్నెలు మూడును కలిసియున్న పిల్లిని మన సోదరీమణు లెల్లరును చూచియే యుందురు. పాలగిన్నెపై దానికి గల దృష్టిని బట్టి దానిని తరిమివేయుటయే గాని, దాని యొంటిమీది మచ్చలను నిలిచి చూచుట మన కలవాటు లేదు. ఈ మారు కనబడినప్పుడు ఒక్క నిమిషము నిలిచి చూడుడు. అది ఆడుపిల్లియే యని కంటితో పరీక్షింపకయే చెప్పవచ్చును. మూడు వన్నెల మగపిల్లి మిక్కిలి యరుదు. ఎక్కడనో యొకటి పుట్టినను దాని పుట్టుకయందే యొక తేడా యుండును.

దీని కారణము నెరిగినచో మన దేహములను గూర్చిన యొక విచిత్రము తెలియును. పిల్లి వెండ్రుకకు నారింజ వన్నె నిచ్చు జన్యువు ఎక్స్ అను క్రోమోసోముపై నున్నది. ఆ జన్యువునందు సుమారు 5 వేల అక్షరముల తునుక యొకటి లోపించుటయే ఆ వన్నెకు కారణమని 2025 లో జపానునందును అమెరికాయందును రెండు పరిశోధక బృందములు వేరువేరుగ ప్రకటించినవి. మగపిల్లికి ఎక్స్ ఒక్కటే గనుక అది నారింజ వన్నెదియో, కానిదియో యగును. ఆడుపిల్లికి తల్లి నుండి యొకటి, తండ్రి నుండి యొకటి, మొత్తము రెండు ఎక్స్‌లు. ఒకటి నారింజ వన్నె నిచ్చునది, రెండవది ఇయ్యనిది యైనచో, ఒంటిమీద నొకచోట నొకటియు, ఇంకొకచోట రెండవదియు పలుకును. ఒకటి పలుకుచోట రెండవది నోరు మెదపదు. తెలుపు మాత్రము వేరొక జన్యువు చేసిన పని. దానితో మనకు నిమిత్తము లేదు.

పిల్లి సంగతి మన కేల యందురేమో! ఆ మచ్చలు మన దేహములందును గలవు. కంటికి కనబడవు, అంతియే భేదము.

మానవ దేహమందలి ప్రతి జీవకణమునందును సాధారణముగ 46 క్రోమోసోములుండును. పురుషునకు ఎక్స్ ఒకటి, వై ఒకటి. స్త్రీకి ఎక్స్‌లు రెండు. ఎక్స్ చిన్నది కాదు. దానిపై మాంసకృత్తులను తయారుచేయు జన్యువులే యెనిమిది వందలకు పైగా నున్నవి; రక్తము గడ్డకట్టుటకును, కన్ను రంగులను గుర్తించుటకును, కండరములు గట్టిగ నుండుటకును కావలసిన జన్యువులు కొన్ని యందే యున్నవి. ఒక్క ఎక్స్‌తో పురుషుని కాపురము నడచుచుండగా స్త్రీ దేహమున రెండును ఒక్కమారే పలికినచో సరకు రెట్టింపగును. రెట్టింపైన నేమి, మంచిదే గదా యనరాదు. ఉప్పు రెట్టింపైన పులుసు ఏమగునో మనకు తెలియును. ఈ యేర్పాటు చెడిన ఆడు ఎలుకపిండములు గర్భముననే నశించినవి. కావున స్త్రీ గర్భస్థ శిశువై, ఇంకను కొలది కణముల ముద్దగ నున్న తరుణముననే, ఒక్కొక్క కణమును తన రెండు ఎక్స్‌లలో నొకదానిచేత మూగనోము పట్టించును. తల్లి ఇచ్చినదా, తండ్రి ఇచ్చినదా యన్న పక్షపాతము లేదు. ఏ కణమున నేది దొరికిన నదే. ఒక్కమారు నోము పట్టిన పిదప ఆ కణము నుండి పుట్టిన సంతతి కణము లన్నియు, ముదిమి వరకును, అదే క్రోమోసోమును మూగగ నుంచును. కావుననే మన దేహము తల్లి పలుకు చోటులును తండ్రి పలుకు చోటులును కలసిన అతుకుల బొంత వంటిది.

ఈ బొంత యొక్కొక్కప్పుడు కంటికి కనబడును. ఛార్లెసు డార్విను 1875 నాటి తన గ్రంథమున సింధుదేశమందలి యొక హిందూ కుటుంబమును గూర్చి వ్రాసెను. ఆ యింట నాలుగు తరములలో పదిమంది పురుషులకు పండ్లు మిక్కిలి తక్కువ. ఒంటిమీద వెండ్రుకలు స్వల్పము. వేసవిలో చర్మ మెండిపోయి బాధపడెడివారు. ఆడుబిడ్డల కెవరికిని ఈ లోపము లేదు. కాని వారి కొమారులకు వచ్చుచుండెను. డార్విను కాలమున దీని మర్మము తెలియదు. ఆ లోపము ఎక్స్‌పై నున్న యొక జన్యువునకు సంబంధించినదని యిప్పుడు ఎరుగుదుము. ఇట్టి లోపమును మోయుచున్న స్త్రీ వీపునకు అయోడిను పూసి, పైన గంజిపొడి చల్లి, చెమట పట్టనిచ్చినచో, చెమట పట్టినచోట నల్లబడును, పట్టనిచోట తెల్లగనే నిలుచును. మంచి ఎక్స్ పలికినచోట చెమటగ్రంథులున్నవి. చెడు ఎక్స్ పలికినచోట లేవు. మూడు వన్నెల పిల్లికిని ఈ యమ్మకును భేద మేమున్నది! తాను ఆరోగ్యవతి యని తలచుచున్న తల్లి కడుపున పుట్టిన మగబిడ్డకు మాత్రమే జబ్బు వచ్చుటయు, ఊరివారు ఆ తల్లి నోములను, ముహూర్తములను తప్పుపట్టుటయు మన మెరుగనిది కాదు. తప్పు నోముది గాదు. తల్లిలో సగము కణములు మంచి ఎక్స్‌తో నెట్టుకొని వచ్చుచున్నవి; కొమారునకు రెండవ ఎక్స్ లేదు.

ఈ మూగనోమును కనుగొన్న కథ కూడ పిల్లితోడనే మొదలైనది. 1949 లో కెనడాలోని లండను నగరమున మరే బార్, ఆయన శిష్యుడు బెర్ట్రాము అనువారు పిల్లుల నరముల కణములను సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండిరి. వారి పరిశోధన నరముల యలసటను గూర్చినది. కొన్ని పిల్లుల కణకేంద్రకములలో నల్లని చుక్క యొకటి కానవచ్చెను, కొన్నింట లేదు. లెక్క సరిచూచుకొనగా చుక్క గలవన్నియు ఆడుపిల్లులు! ఆ చుక్క ముడుచుకొనిపోయిన ఒక ఎక్స్ క్రోమోసోమే యని 1959 లో ఓహ్నో చూపెను. 1961 లో ఇంగ్లండున హార్వెల్ పరిశోధనాలయమున మేరీ లయను అను విదుషి ఎలుకల ఒంటిమీది వన్నెలను పరిశీలించి, స్త్రీజాతి కణములలో రెండు ఎక్స్‌లందు ఒకటి యాదృచ్ఛికముగ మౌనము వహించునని సిద్ధాంతీకరించెను. ఈమె కేంబ్రిడ్జిలో చదివిన నాళ్ళలో ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు నిజమైన పట్టము నిచ్చుట లేదు. పేరునకు మాత్రమొక పట్టము. అట్టి చదువుతో బయలుదేరిన యీమె పేరిట నేడు ప్రపంచ మంతటను ఈ మౌనమును లయను సిద్ధాంతముగ పిలుచుచున్నారు.

కాని ఆ నోమును పట్టించున దెవరు? ఇంత పెద్ద క్రోమోసోము నోరు మూయించుటకు ఎంత బలమైన మాంసకృత్తు కావలెనో యని యందరును తలచిరి. 1991 లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కెరొలిన్ బ్రౌను, విల్లర్డు మొదలగువారు ఒక జన్యువును పట్టుకొనిరి. మౌనముగ నున్న ఎక్స్‌పై మాత్రమే అది పలుకుచుండెను. దానికి ఎక్సిస్టు అని పేరు. పట్టుకొనిన పిదప వారికి కలిగిన యాశ్చర్యము చెప్పతరము గాదు. అది యే మాంసకృత్తును చేయుట లేదు!

ఇచ్చట కొంచెము వివరింపవలసి యున్నది. డి.ఎన్.ఏ. పెట్టెలో భద్రముగ దాచిన పెద్ద వంటల గ్రంథము వంటిది. ఆ గ్రంథమును పొయ్యివద్దకు తీసికొని పోరాదు గనుక, కావలసిన పుటను చీటిపై నెత్తివ్రాసికొందుము. ఆ చీటియే ఆర్.ఎన్.ఏ. వంటవారు చీటిని చదివి వంట చేయుదురు, వంటయే మాంసకృత్తు. చిరకాలము ఇంతియే కథ యని నమ్మిరి. కాని మానవుని గ్రంథమున మూడువందల కోట్ల అక్షరములలో వంట విధానములు నూటికి రెండు పాళ్ళకైనను లేవు. మిగిలినది పనికిమాలిన చెత్త యని కొందరు పెద్దలు తేల్చివేసిరి. చింకిబట్టను కూడ పారవేయక మసిగుడ్డగ దాచుకొను ఇల్లాండ్రు ఆ సభలలో నుండినచో అంత తొందరగ చెత్త యనియుండరని మా యభిప్రాయము. అందలి యధికభాగము నిజముగ పనిలేనిదే కావచ్చును. కాని అందుండి పుట్టు కొన్ని పొడవైన ఆర్.ఎన్.ఏ.లు వంటచీటీలు కాకపోయినను ఇంటిపనులెన్నో చేయుచున్నవి. 200 అక్షరములకు మించి యుండి, మాంసకృత్తును చేయనివానిని ఈ తెగలో చేర్చుదురు. అట్టివి మానవునిలో ఇరువది వేలకు మించి లెక్కకు వచ్చినవి. వీనిలో పని యిదియని రూఢిగ తెలిసినవి కొలదియే. ఎక్సిస్టు ఆ కొలదివానిలో పెద్దక్క. దాని పొడవు మానవునిలో సుమారు 19 వేల అక్షరములు.

చదువుటకు కాని చీటి పని చేయు టెట్లు? మడతలచేత. తొమ్మిది గజముల పాతచీర యొకటి మన చేతనున్న దనుకొందము. కుచ్చెళ్ళు పోసిన కట్టుబట్ట యగును. దూలమునకు వ్రేలగట్టిన ఉయ్యెల యగును. మెలిపెట్టి చుట్టగ చుట్టిన కడవ క్రింద చుట్టకుదు రగును. నేత యదే, నూలదే. మడత మారగా పని మారినది. ఆర్.ఎన్.ఏ. పోగునందు ఏ, యు, జి, సి అను నాలుగే యక్షరములు. ఏ కి యు తోడను, జి కి సి తోడను చెలిమి. ఒంటిపోగు గనుక అది తనపై తానే వంగి, తన యక్షరములతో తానే జతకట్టును. జతకట్టినచోట రెండు కాళ్ళును, వంగినచోట చిన్న వలయమును గల ఆకృతి యేర్పడును. శాస్త్రజ్ఞులు దీనికి హెయిర్ పిన్ను, అనగా తలపిన్ను, అనియే పేరు పెట్టిరి. పురుషులే నిండియున్న పరిశోధనాలయములలో మన తలపిన్నున కీ గౌరవ మెట్లు దక్కెనో తెలియదు.

ఈ మడతలు కంటికి కానరానంత చిన్నవి. వానిని కనిపెట్టు ఉపాయము మన యద్దకపువారి పనిని జ్ఞప్తికి తెచ్చును. బట్టను ముడులు కట్టి రంగులో ముంచినచో ముడిపడినచోట రంగెక్కదు. అట్లే కొన్ని రసాయనములు ఆర్.ఎన్.ఏ.లో జతలేక వదులుగ నున్న యక్షరములకే యంటును, జతకట్టినవానికి అంటవు. పిదప పోగును చదివి, రంగెక్కిన దెచ్చట, ఎక్కని దెచ్చట యని గుర్తించి, మడతల పటమును గీయుదురు.

ఇక ఎక్సిస్టు వద్దకు వత్తము. దాని మొదటి కొస దాపున ఒకే పదములవరుస కొంచెము తేడాతో మరల మరల వచ్చును. మానవునిలో ఎనిమిదిన్నర మారులు, ఎలుకలో ఏడున్నర మారులు. దీనికి ఏ-పునరుక్తి యని పేరు. వరలక్ష్మీవ్రతపు తోరమునకు తొమ్మిది ముడులు వేయు మనకు ఎనిమిదిన్నర ముడుల తోరము వింతగ తోచును గాని, ప్రకృతి వేసిన ముడు లవియే. ఈ ముడులవద్దనే మౌనపు మర్మ మున్నది. 2002 లో వుట్సు, జేనిషు మొదలగువారు ఎలుక కణములలో ఎక్సిస్టును భాగభాగములుగ కత్తిరించి చూచిరి. ఏ-పునరుక్తిని తీసివేసిన ఎక్సిస్టు మామూలుగనే పుట్టినది, మామూలుగనే క్రోమోసోమును చుట్టుకొన్నది. కాని క్రోమోసోము మౌనము పట్టలేదు! తక్కిన భాగములను తీసినచో మౌనము పట్టించు శక్తి నిలిచియుండి, చుట్టుకొను శక్తి తగ్గెను. ఒక్క పోగుననే వేరువేరు చోటులు వేరువేరు పనులకు ఏర్పడి యున్నవని దీనివలన తేలినది.

ఆ ముడులు స్వయముగ ఎవరి నోరును మూయవు. అవి స్పెన్ అను పెద్ద మాంసకృత్తునకు పట్టుకొమ్మలు. ఈ సంగతి 2015 లో వేరువేరు పరిశోధనాలయములనుండి దాదాపు ఒక్కమారే వెలువడినది. డి.ఎన్.ఏ. ఊరక వ్రేలాడుచుండదు, హిస్టోనులను మాంసకృత్తుల చుట్టు కండెకు నూలు చుట్టినట్లు చుట్టుకొని యుండును. ఆ కండెలకు ఎసిటైలు అను చిన్న తోకలు తగిలియున్నచోట నూలు వదులుగ నుండి, జన్యువులు పలుకును. స్పెన్ వచ్చి వేరొక మాంసకృత్తుల గుంపును పిలుచును. ఆ గుంపులోని హెచ్.డాక్.3 యనునది ఆ తోకలను తుడిచివేయును. నూలు బిగిసిపోవును. జన్యువు మూగబోవును. పోగునందు క్రిందుగ నున్న బి, సి యను పునరుక్తులు ఇంకొక మాంసకృత్తును పట్టి, దాని మూలమున హిస్టోనులపై మౌనపు గుర్తులు వేయించును. ఇ యను పునరుక్తి పోగును ఎక్స్‌పై నిలిపియుంచుటకు తోడ్పడును. ఇట్లు ఎక్సిస్టును అంటిపెట్టుకొనియుండు మాంసకృత్తులు 81 యని 2015 లో ఒక బృందము లెక్కించెను. పెండ్లియింట పెద్దముత్తైదువ తాను వండదు, వడ్డింపదు. ఎవరిని ఎచ్చట నిలుపవలెనో అచ్చట నిలుపును. ఎక్సిస్టు చేయు పని యట్టిది.

ఆ ముడుల ఆకృతిని గూర్చి మాత్రము పండితులలో పెద్ద తగవే జరిగినది. ఒక్కొక్క ముడియు విడివిడిగ తలపిన్నువలె వంగియుండునని మొదట తలచిరి. పరిశోధన నాళికలో చిన్న తునుకను పరీక్షించినవారికి ఒకవిధముగను, పొడవు పోగును పరీక్షించినవారికి ఇంకొకవిధముగను కనబడెను. 2016 లో సజీవ కణములలోనే జతలను బంధించి పరిశీలించిన యొక బృందము, ఒక ముడి తనతో తాను గాక తక్కిన ముడులతో జతకట్టుచున్నదని చూపినది. అప్పుడు అది వరుసగ గుచ్చిన తలపిన్నులు కాక, ఒండొంటిలో చేతులు దూర్చిన కోలాటపు గుంపు వంటి దగును. ఇందు మా మనసున కెక్కువ నచ్చినది హార్వర్డునందలి ఎలెనా రివాసును, ఆమె తోడివారును 2017 లో వేసిన ప్రశ్న. ఒక మడత నిజముగ ముఖ్యమైనచో, కాలక్రమమున జతలోని యొక యక్షరము మారినప్పుడు రెండవ యక్షరమును అందుకు తగినట్లు మారి జతను నిలుపుకొనియుండవలెను గదా! అట్టి జాడ కనబడుచున్నదా? వారు ఎక్సిస్టు ఏ-పునరుక్తిని, 2007 లో ప్రసిద్ధికి వచ్చిన హాటెయిర్ అను నింకొక ఆర్.ఎన్.ఏ.ను పరీక్షించి, పూర్వులు గీసిన పటములకు అట్టి సాక్ష్యము చాలదనిరి. అందుచేత మడతలే లేవని కాదు. ఏ పోగైనను విడిచిపెట్టిన చోట ఏదో విధముగ మడతపడును. ఆ మడత పనికొరకు పుట్టినదా, ఊరకే పడినదా యనునది వేరు ప్రశ్న. ఆడువారి వాదము సూటిగ నుండదను మాటను ఈ ప్రశ్న విన్నవా రిక పలుకరు.

మడత పని కొరకే యనుటకు సందేహము లేని యుదాహరణ మొకటి చెప్పి ముందునకు సాగుదము. మాలాట్ 1 అను ఆర్.ఎన్.ఏ. 2003 లో ఊపిరితిత్తుల పుట్టకురుపుల రోగులలో ప్రాముఖ్యమునకు వచ్చెను. కణములో ఆర్.ఎన్.ఏ.లను కొసనుండి కొరికివేయు మాంసకృత్తులు సంచరించుచుండును; సాధారణపు చీటీలకు కొసను ఏ-అక్షరముల పొడవు తోక యుండి కాపాడును. మాలాట్ 1 కు ఆ తోక లేదు. దాని కొస వెనుకకు మరలి, జతకట్టియున్న రెండు పాయల సందున మూడవ పాయగ చేరిపోవును. జడకుచ్చు విడిపోకుండ కొసను లోనికి దోపినట్లు! ఆ మూడు పాయల యాకృతిని 2012 లో రెండు బృందములు కనిపెట్టగా, 2014 లో యేలు విశ్వవిద్యాలయమున జోన్ స్టెయిట్జు పరిశోధనాలయమువారు స్ఫటికముగ చేసి స్పష్టముగ చూపిరి. ఇంత చక్కని జడ గల మాలాట్ 1 ను పూర్తిగ తొలగించిన ఎలుకలు సుఖముగనే బ్రతికినవనుటయు చెప్పవలసిన సత్యమే.

ఎక్సిస్టునకు వత్తము. దాని పుట్టుక కూడ వింతయే. కోడిలో మాంసకృత్తును చేయుచున్న యొక జన్యువు మన వంటి పాలిచ్చు జంతువులలో చెడిపోయి, దాని శిథిలములనుండి కొంత ఎక్సిస్టు పుట్టెనని 2006 లో ఫ్రాన్సుదేశస్థులు చూపిరి. కంగారు మొదలగు సంచిజాతి జంతువులలో ఎక్సిస్టు లేనే లేదు. వానికి ఆర్.ఎస్.ఎక్స్. అను వేరొక ఆర్.ఎన్.ఏ. కలదని 2012 లో తెలిసినది. రెంటికిని వంశసంబంధము లేదు. కాని అదియు పొడవైనదే, అందును పునరుక్తులు మెండు, అదియు ఎక్స్‌ను చుట్టుకొని మౌనము పట్టించును. అచ్చట మాత్ర మెంపిక లేదు. ఎప్పుడును తండ్రి ఇచ్చిన ఎక్సే నోము పట్టవలెను!

ఇంతవరకు వచ్చిన సోదరీమణులు, ఇది విని మనకు కలుగు ప్రయోజన మేమని యడుగవచ్చును. కీళ్ళవాతము, థైరాయిడు గ్రంథిని దేహమే తినివేయు జబ్బు, ముఖముపై సీతాకోకచిలుక రెక్కలవలె ఎర్రని దద్దు పుట్టించి మూత్రపిండములవరకు ప్రాకు లూపసు, ఇవన్నియు ఒక్క జాతివి. దేహమును కాపాడవలసిన రక్షకశక్తియే దేహముపై తిరుగబడుటచేత వచ్చును. ఇట్టి రోగులలో అయిదుగురికి నలుగురు స్త్రీలు. లూపసునందు పురుషుడొకడైన స్త్రీలు తొమ్మండుగురు. ఉదయము వ్రేళ్ళు ముడువలేక పొయ్యి రాజేయుటకు ఆలస్యమైన కోడలిని బద్ధకస్థురాలనుటయు, ఒడలు తీపులని పడుకొన్న తల్లిని మనోవ్యాధి యనుటయు ఎన్ని యిండ్లలో జరుగలేదు! నిజముగ వ్యాధి యని తేలుసరికి ఏండ్లు గడచినవారిని మేము చూచితిమి.

స్త్రీలకే యెందుకని యడిగిన, స్త్రీదేహపు హార్మోనులవలన నని చిరకాలము సమాధానము చెప్పిరి. అది కొంతవరకు నిజము. కాని రెండు ఎక్స్‌లును ఒక వై యును గలిగి పుట్టు పురుషు లున్నారు. వారి హార్మోనులు స్త్రీలవి గావు, అయినను వారికి లూపసు వచ్చు నవకాశము తక్కిన పురుషులకంటె సుమారు 14 రెట్లని 2008 నాటి యొక పరిశోధన చెప్పినది. కావున ఎక్స్‌ల సంఖ్యయందే యేదియో యున్నది. మూగనోము నందు కొన్ని జన్యువులు గుసగుసలాడుచునే యుండును. మౌనము పట్టిన ఎక్స్‌పై నూటికి సుమారు 15 జన్యువులు పూర్తిగ నోరు మూయవు. రక్షకకణములలో క్రిములను పసిగట్టు టి.ఎల్.ఆర్. 7 అను జన్యువు అట్టి గుసగుసల దని 2018 లో తేలినది. అది రెట్టింపు పలికినచో లేనిపోని శత్రువులను చూచుట సులభమగును.

2024 లో స్టాన్‌ఫర్డునందలి హవర్డు ఛాంగు బృందము ఇంకొక మెట్టు దిగి చూచినది. మౌనము కథయటుంచి, మౌనము పట్టించు తోరమే అపరాధి యేమో యని వారి యనుమానము. ఎక్సిస్టు తన చుట్టు పదుల మాంసకృత్తులను గుంపుగ పట్టియుంచునని చెప్పితిమి గదా. కణము చచ్చి పగిలినప్పుడు ఆ గుంపంతయు బయట పడును. పురుషదేహమున నట్టి గుంపు ఎన్నడును లేదు. రక్షకశక్తి దానిని చూచి శత్రువని భ్రమించినచో? దీనిని పరీక్షించుటకు మగ ఎలుకలలో ఎక్సిస్టును పుట్టింపవలెను. కాని మగదానికి గల ఒక్క ఎక్స్ మూగబోయినచో అది బ్రతుకదు! ఇచ్చటనే మన ఎనిమిదిన్నర ముడుల విద్య యక్కరకు వచ్చినది. ఏ-పునరుక్తిని తీసివేసిన ఎక్సిస్టు మౌనము పట్టింపదు, కాని చుట్టుకొనును, మాంసకృత్తులను పట్టుకొనును. అట్టి కత్తిరించిన ఎక్సిస్టునే మగ ఎలుకలకు అమర్చిరి. పిదప లూపసు వంటి జబ్బును పుట్టించు నొక తైలమును వానికి ఎక్కించిరి. జబ్బునకు లోనగు స్వభావము గల జాతిలో, ఎక్సిస్టు గల మగ ఎలుకలకు వ్యాధి ఆడువానికి వచ్చినంత తీవ్రముగ వచ్చెను. ఎక్సిస్టు లేని మగవానికి అంతగ రాలేదు. అటు స్వభావముననే జబ్బునకు లొంగని జాతిలో మాత్రము ఎక్సిస్టు ఒక్కటియే జబ్బు తేలేదు. కావున తోరము చేతికుండుటయే రోగమునకు చాలదు. వంశము, పరిసరములు, బయటి దెబ్బ యొకటి కలియవలెను. లూపసు మొదలగు వ్యాధులు గల మనుష్యుల రక్తమును పరీక్షింపగా ఎక్సిస్టును అంటియుండు మాంసకృత్తులపై తిరుగబడు ప్రతిరక్షకములు వారి రక్తమున కనబడినవి.

ఈ తోరమును ఇంకొక పనికి వాడ జూచినవారును గలరు. 21 వ క్రోమోసోము రెండు గాక మూడుండుటచే డౌన్ లక్షణములతో బిడ్డలు పుట్టుదురు. 2013 లో మసచూసెట్సు విశ్వవిద్యాలయ వైద్యశాఖయందు జీన్ లారెన్సు బృందము, అట్టి వ్యక్తి నుండి తయారుచేసిన కణములలో, మూడు 21 లలో నొకదానిపై ఎక్సిస్టు జన్యువును నాటెను. స్త్రీ ఎక్స్‌కొరకు పుట్టిన ఎక్సిస్టు, తనది కాని క్రోమోసోమును చుట్టుకొని దానిని మూగగ చేసినది! ఇది గాజుగిన్నెలోని కణములలో జరిగినది. బిడ్డలకు చేయదగిన చికిత్స కాదు. పత్రికలలో అప్పుడు వచ్చిన పెద్ద యక్షరములను చూచి యాశపడిన తల్లులు చాలమంది యుందురు గనుక ఈ మాట విడిగ చెప్పుచున్నాము.

లూపసు విషయమున ఫలము కొంచెము దాపున నున్నది. వ్యాధి ముదిరి మూత్రపిండములు చెడకముందే, రక్తమున ఈ మాంసకృత్తులపై తిరుగబడు ప్రతిరక్షకములను వెదకి రోగమును ముందుగ గుర్తింపవచ్చునని ఆ బృందమువారి యాశ. ఇంతకాలము ఇట్టి రక్తపరీక్షల కాధారముగ పరిశోధనాలయములలో వాడుచు వచ్చిన కణములలో నొక పేరుపొందిన తెగ పురుషునిదట. అందులో ఎక్సిస్టు లేదు.